ఒరాంగుటాన్ ఎత్తు

తొమ్మిదేళ్ళ పిల్లాడికి భయపడ్డానని ఒప్పుకోవాలంటే యాభై దాటినవాడికి కొంచెం ధైర్యం కావాలి.

విజయవాడలో ఓ కల్యాణమండపం. రేటింగ్ టోర్నమెంటు, నాలుగో రౌండు. ఎదురుగా కూర్చున్నవాడి కాళ్ళు నేలకి అందడం లేదు. ఈ కాలం పిల్లల సంగతి తెలిసిందే: కోచింగులు, కంప్యూటర్లు, పదిహేనో ఎత్తు దాకా కంఠతా. రాజు ముందు బంటో, మంత్రి ముందు బంటో జరిపానంటే వాడికి వచ్చిన పాఠం వాడిచేత అప్పజెప్పించుకోవడమే. అందుకని తెల్లపావులతో బి4 ఆడాను. మంత్రి వైపు గుర్రం ముందుండే బంటు, రెండు గళ్ళు.

1924లో న్యూయార్క్ టోర్నమెంటులో టార్టకోవర్ మారోత్సి మీద వేసిన ఎత్తది. అంతకుముందు జూలో చూసొచ్చిన ఒరాంగుటాన్ పేరే దానికి స్థిరపడింది. ఆ ఆట టార్టకోవర్ ఓడిపోయాడన్న సంగతి మాత్రం నాకు ఆ పూట గుర్తు రాలేదు.

పిల్లాడు రెండు చేతుల్తో చెంపలు పట్టుకుని చాలాసేపు బోర్డు వంక చూశాడు. లోపల్లోపల నవ్వుకున్నాను. చివరికి రాజు ముందు బంటుని రెండు గళ్ళు తోశాడు. నేను బిషప్‌ని బి2లో పెట్టాను. వాడు తన బిషప్‌తో నా బి4 బంటు తీసుకుంటే, నేను నా బిషప్‌తో వాడి నడిమి బంటు తీసుకున్నాను. పక్క బంటు పోయి నడిమి బంటు వచ్చింది, లాభమే కదా!

నాకు వచ్చిన పాఠం అక్కడితో అయిపోయింది.

వాడు గుర్రాన్ని తీశాడు, కాసలింగ్ చేశాడు, ఏనుగుని నా రాజుకి ఎదురుగా తెచ్చి నిలబెట్టాడు. అన్నీ మామూలు ఎత్తులే. నాకేమో తరుముతున్న బిషప్‌ని కాపాడుకోవడంతోనే సరిపోయింది. వాడు మంత్రి ముందు బంటుని ఇంకో గడి తోసేసరికి నడిమధ్య దారి తెరుచుకుంది. ఇరవై రెండో ఎత్తుకి చెయ్యి కలిపాను.

బయట మంచినీళ్ళ దగ్గర వాడే వచ్చి అడిగాడు.

"అంకుల్, మొదటి ఎత్తు అదెందుకేశారు?"

"నీకు తెలీదని."

"నిజంగానే తెలీదంకుల్. భయమేసింది. అందుకే ముందు కాసలింగ్ చేసేశా."

చిన్నప్పుడు అరుగు మీద నాన్న నేర్పిన ఆటలో కాసలింగ్ ఉండేది కాదు. చెక్ పడకముందు రాజు ఒక్కసారి గుర్రంలా గెంతొచ్చు. "ఏమీ తోచకపోతే ముందు రాజుని గెంతించెయ్యరా" అనేవాడు నాన్న.

రాత్రి బస్సులో స్కోరు కాగితం తీసి చూశాను. తొమ్మిదో ఎత్తు దగ్గర నాకూ కాసలింగ్ ఉంది. అక్కడ మళ్ళీ బిషప్పే జరిపినట్టు రాసి ఉంది, నా దస్తూరీతోనే.