పాలా, తాలా?

సంతలో ఎద్దును కొనేవాడు పళ్ళు చూస్తాడు, నాలుగడుగులు నడిపించి చూస్తాడు. విత్తనాలు కొనేవాడు గుప్పెడు గింజలు నీళ్ళలో పోసి, తేలినవి తాలని పారబోస్తాడు. మామిడిపండు కొనేవాడు కూడా ముచ్చిక దగ్గర వాసన చూడనిదే డబ్బు తియ్యడు. కానీ వేలు పోసి స్పీకర్లు కొనే మనిషి మటుకు అట్టపెట్టె మీది అంకెలు చదివి, దుకాణంలో రెండు నిమిషాలు పాట విని, "అబ్బ, ఏం మోతరా!" అనుకుంటూ ఇంటికి పట్టుకొస్తాడు. ఇదేం న్యాయమండీ? గింజకున్నపాటి పరీక్ష ధ్వనికి లేదా?

ఉంది. పెద్ద ఖర్చు లేకుండా, ఇంట్లోనే చేసుకోవచ్చు. చేసి చూశాను కనుకనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నేను బి.యస్సీ. మూడో సంవత్సరం ఫిజిక్సు విద్యార్థిని. మాది తెనాలి దగ్గర పల్లె, వ్యవసాయమే ఆధారం. మా నాన్నకు పద్యాలంటే ప్రాణం. హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను ఎన్ని రాత్రులు చూశాడో ఆయనకే తెలియదు. ఇప్పుడా పద్యాలను ఫోనులో, అరచేతిలోంచి వచ్చే కీచుగొంతుతో వింటున్నాడు. ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన 8,000 రూపాయలు పెట్టి ఆయనకో జత బుక్‌షెల్ఫ్ స్పీకర్లు కొందామనుకున్నాను. పేరుకి పుస్తకాల అరలో పట్టే పెట్టెలు. మా ఇంట్లో పుస్తకాల అర లేదు, గోడవారన ధాన్యం బస్తాల వరస ఉంది. అది వేరే సంగతి.

రెండు జతలు నా అందుబాటులోకి వచ్చాయి. ఒకటి మా బాబాయిగారబ్బాయి కొని అమ్మజూపింది. నల్లగా నిగనిగలాడుతూ, చుట్టూ వెండిరంగు వలయంతో ఉంటుంది. రెండోది హాస్టల్లో ఒక సీనియరు వదిలించుకుంటున్న మామూలు చెక్కపెట్టెల జత. సంక్రాంతి సెలవుల్లో రెండింటినీ ఇంటికి తెచ్చి, ఒకే యాంప్లిఫయరుకు మార్చి మార్చి తగిలించాను. ఇకమీదట వాటిని నల్లజత, చెక్కజత అందాం.

మొట్టమొదట చెయ్యవలసిన పని అట్ట మీది వాట్లను మరిచిపోవడం. యాంప్లిఫయరు లోపలే ఉన్న చౌక పెట్టెల మీద వెయ్యి వాట్లని రాసి ఉండటం చూశాను. దాని వెంట వచ్చే అడాప్టరు మీద 12 వోల్టులు, 2 ఆంపియర్లు అని ఉంటుంది. గుణిస్తే 24 వాట్లు. 24 వాట్లు మింగి వెయ్యి వాట్లు నిలకడగా కక్కే యంత్రం ఉంటే, మన ఫిజిక్సు లెక్చరరుగారు శక్తి నిత్యత్వ నియమం మళ్ళీ చెప్పవలసి వస్తుంది!

రెండోది, బిగ్గరతనాన్ని సరిచెయ్యడం. ఇదే అసలు కిటుకు. రెండు స్పీకర్లలో ఏది కొంచెం గట్టిగా మోగితే అదే బాగున్నట్టు చెవికి తోస్తుంది. ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో ఒక స్పీకరు 90 డెసిబెల్సు, ఇంకొకటి 84 డెసిబెల్సు ఇవ్వవచ్చు. రెండోదాన్ని మొదటిదానితో సమానంగా మోగించాలంటే నాలుగింతల శక్తి కావాలి. నాబు ఒకేచోట ఉంచి పోటీ పెడితే అది పోటీయే కాదు. ఒకడికి గిత్త, ఒకడికి దూడ ఇచ్చి బండ లాగమన్నట్టు. నేను వానహోరులాంటి పింక్ నాయిజ్‌ను రెండు జతల్లోనూ మోగించి, కుర్చీ దగ్గర ఫోను పెట్టి, ఫైఫాక్స్ అనే యాప్‌లో అంకె సమానమయ్యేవరకూ నాబు తిప్పాను. ఫోను చూపే డెసిబెల్సు కచ్చితమైనవి కాకపోవచ్చు. కానీ ఒకేచోట, ఒకే ఫోనుతో రెండింటిని పోల్చడానికి అది చాలు. తప్పు తక్కెడైనా రెండు సరుకులకూ ఒకే తప్పు చూపిస్తుంది గదా!

మూడోది, గది. స్పీకరును దుకాణంలో వింటాం, బతికేది మాత్రం మన ఇంట్లో. 1895లో హార్వర్డు విశ్వవిద్యాలయంలో కొత్తగా కట్టిన ఒక ఉపన్యాసశాలలో మాటలు ఒకదానిమీదొకటి పడి అర్థమయ్యేవి కావు. ఒక్క శబ్దం అయిదు సెకన్లకు పైగా మోగుతూనే ఉండేదట. దాని సంగతి చూడమని వాలెస్ సబైన్ అనే కుర్ర ఫిజిక్సు అధ్యాపకుడికి అప్పజెప్పారు. ఆయన రాత్రిపూట, ఊరు నిద్రపోయాక, పక్కనున్న నాటకశాలలోంచి మెత్తలు మోయించుకొచ్చి, గదిలో పరిచి, శబ్దం ఆరిపోవడానికి ఎన్ని సెకన్లు పడుతుందో లెక్కపెట్టేవాడు. తెల్లారేలోగా మెత్తలు మళ్ళీ నాటకశాలకు. గది ఘనపరిమాణానికీ, ధ్వనిని పీల్చే వస్తువులకూ, ప్రతిధ్వని కాలానికీ ఉన్న లెక్క అలా తేలింది. 1900లో తెరిచిన బోస్టన్ సింఫనీ హాలు ఆ లెక్క మీదే కట్టారు.

మా ముందుగదిలో సబైన్‌గారి మెత్తల పని ధాన్యం బస్తాలు చేశాయి. 75 కిలోల గోనె బస్తాలు గోడవారన నాలుగు వరసలున్నప్పుడు చప్పట్లు కొడితే చప్పుడు అక్కడే ఆగిపోయేది. ధర చూసి నాన్న వాటిని లారీకెక్కించిన మర్నాడు అదే గది, అదే పాట, అవే స్పీకర్లు. పద్యం నూతిలోంచి వస్తున్నట్టుంది! ధాన్యం అమ్ముడైతే ఇల్లుగలవారికి ఆనందం, అమ్ముడుకాకపోతే స్పీకర్లకు ఆనందం. చివరికి అమ్మ రెండు బొంతలు దండెం మీద వేసి గోడవైపు కట్టింది, నేల మీద జంపఖానా పరిచాం. సగం నయమైంది. వేలు పోసి స్పీకరు మార్చే ముందు బొంతలు మార్చి చూడమని నా మనవి.

మందర ధ్వనుల తగాదా వేరు. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. మా గది 14 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు. ఆ వెడల్పుకు 56 హెర్ట్‌జ్ దగ్గర గది తానే మోగుతుంది. పొడవుకు 40 హెర్ట్‌జ్ దగ్గర మోగాలి గానీ, అయిదంగుళాల ఊఫరు అంత కిందికి పెద్దగా దిగలేదు. పెట్టెల్ని మూలల్లోకి నెట్టితే బుంబుం పెరుగుతుంది. గోడనుంచి అడుగున్నర ముందుకు జరిపితే మృదంగం మృదంగంలా వినబడుతుంది. గోడకానుకుని కూర్చున్న అమ్మకూ, గది నడుమ కూర్చున్న నాకూ ఒకే పాటలో ఒకే బేసు వినబడదు. కనుక వాదించుకునే ముందు కుర్చీలు మార్చుకోవాలి.

ఇక ఏం వినాలి? ఎక్కువమంది డప్పుల మోత పెడతారు. నేనంటాను, ఎరిగిన మనిషి గొంతు వినండి. మృదంగం ఎలా ఉంటుందో చాలామందికి ఊహ మాత్రమే, మనిషి గొంతు పుట్టినప్పటినుంచీ తెలుసు. 1970లలో బి.బి.సి. ఇంజనీర్లు బయటి ప్రసారాల వ్యాన్లలో పట్టేందుకు ఎల్.ఎస్.3/5ఎ అనే చిన్న స్పీకరు తయారుచేశారు. స్పీకర్ల మంచిచెడ్డలు తేల్చడానికి వారు ఎదుట మాట్లాడే మనిషి గొంతుతో స్పీకరులో పలికే గొంతును పోల్చి చూసేవారు. మన ఘంటసాలగారి పాత పాటల్లో ఎక్కువభాగం మోనో రికార్డింగులు. అవి ఇంకో పరీక్షకు పనికొస్తాయి. రెండు స్పీకర్ల నడుమ కూర్చుంటే గొంతు సరిగ్గా మధ్యనుంచి రావాలి. ఒక పక్కకు ఒరిగినా, అటూ ఇటూ చెదిరినా పెట్టెలు రెండూ ఒక తల్లి పిల్లలు కావన్నమాట. చెక్కజతలో గొంతు మధ్యన నిలబడింది. నల్లజతలో కొంచెం చెదిరింది.

ఇంకొక్క జాగ్రత్త. 1994లో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అనే ఇద్దరు ఒక ప్రయోగం ప్రకటించారు. స్పీకర్లను చూస్తూ విన్నప్పుడు ఇచ్చిన మార్కులకూ, తెర చాటున ఉంచి విన్నప్పుడు ఇచ్చిన మార్కులకూ పొంతన కుదరలేదు. అంటే చెవి పక్కన కన్ను కూర్చుని చాడీలు చెబుతుందన్నమాట. కనుక అమ్మ పాత చీర తెరగా కట్టాం.

అప్పుడు మా చెల్లి ఒక ఆట కనిపెట్టింది. పాలు, తాలు, కాలు, చాలు. నాలుగు మాటలు. మొదటి హల్లు తప్ప మిగతాదంతా ఒకటే. ఆ హల్లు పలికేది రెప్పపాటు కాలం, దాని గుర్తు పైస్థాయి ధ్వనుల్లో ఉంటుంది. చెల్లి వీటినే కలగాపులగంగా 20 సార్లు చదివి ఫోనులో రికార్డు చేసింది. తెరచాటున అది మోగుతుంటే వినేవాళ్ళు ఏ మాటో రాయాలి. అమ్మకు నల్లజతలో 18, చెక్కజతలో 20 వచ్చాయి. నాకూ అంతే. నల్లజతలో కిందిస్థాయి ఉబ్బి హల్లుల్ని కప్పేస్తోందని తేలిపోయింది.

నాన్నకు నల్లజతలో 9, చెక్కజతలో 13.

"నీ పెట్టెలు సరిగ్గా పలకట్లేదురా" అన్నాడు నాన్న, నవ్వుతూ. "సరే నాన్నా, పెట్టెలు తీసేద్దాం" అని చెల్లినే తెరవెనక కూర్చుని చదవమన్నాను. నోటికీ చెవికీ మధ్య యంత్రమేమీ లేదు.

నాన్నకు 14. పాలంటే తాలని రాశాడు, తాలంటే పాలని రాశాడు.

ఇంట్లో కాసేపెవరూ మాట్లాడలేదు. ముప్ఫయ్యేళ్ళుగా ధాన్యాన్ని చేత్తో తడిమి, కళ్ళు మూసుకుని తాలు ఏదో, గట్టిగింజ ఏదో చెప్పగల మనిషికి ఆ మాటే వినబడటం లేదు. అమ్మ పిలిస్తే పలకడని ఆవిడ చేసే ఫిర్యాదు, టీవీ గట్టిగా పెడతాడని చెల్లి విసుగు, అన్నీ ఒక్కసారి నా కళ్ళముందు వరసకట్టాయి.

గుంటూరులో చెవి పరీక్ష చేయించాం. కాగితం మీద గీత 1000 హెర్ట్‌జ్ వరకూ బాగానే నడిచి, 4000 దగ్గర గోతిలో పడ్డట్టు దిగింది. మోత వల్ల వచ్చే చెవుడు సాధారణంగా అక్కడే మొదలవుతుందట. 85 డెసిబెల్సు మోతలో రోజుకు 8 గంటలు హద్దని అమెరికాలోని నియోష్ అనే సంస్థ సిఫారసు. ప్రతి 3 డెసిబెల్సు పెరిగినకొద్దీ ఆ కాలం సగమవుతుంది: 88కి 4 గంటలు, 91కి 2, 94కి ఒకటి. కేబిను లేని పాత ట్రాక్టరు, నూర్పిడి మిషను, ఆయిలింజను వీటి మధ్య గడిచిన బతుకును ఈ లెక్కలో పెట్టి చూడండి. లోపలి చెవిలోని రోమకణాలు ఒకసారి పోతే మళ్ళీ మొలవవు. అది వరిదుబ్బు కాదు.

చెక్కజత కొన్నాం. మిగిలిన డబ్బులో కొంత పెట్టి చెవులు రెండూ మూసే ఇయర్‌మఫ్‌లు తెచ్చాను. "ట్రాక్టరు మీద పాటలు వింటున్నాడంటార్రా జనం" అన్నాడు నాన్న. అన్నాడు గానీ పెట్టుకుంటున్నాడు. వినికిడి యంత్రం మాటెత్తితే, "ఈ పంట డబ్బులు రానీ, చూద్దాం" అంటాడు. ఆ చూద్దాం ఎన్ని పంటలు దాటుతుందో నాకు తెలియదు. ప్రతి పదిహేను రోజులకూ ఇంటికెళ్ళినప్పుడు గుర్తుచేస్తూనే ఉన్నాను.

మిత్రులారా! మంచి స్పీకరేదని నన్నడిగితే నా జవాబు ఇంతే. సమానమైన బిగ్గరతనంలో, తెర చాటున, మన గదిలో, మనవాళ్ళ చెవికి మాట మాటగా వినిపించేదే మంచిది. అది ధర మీద ఆధారపడదు, మెరుపు మీద అసలే ఆధారపడదు. మీరు స్పీకర్లు కొన్నా కొనకపోయినా, సెలవులకు ఇంటికెళ్ళినప్పుడు ఆ నాలుగు మాటలు తలుపు చాటునుంచి మీ అమ్మానాన్నల చేత రాయించి చూడండి. ఖర్చేమీ లేదు. హాస్టల్లో రాత్రంతా చెవుల్లో ఇయర్‌ఫోన్లు దూర్చుకుని పడుకునే మా రూమ్మేటులాంటి వాళ్ళు ఆ 20 మాటలు తామూ రాస్తే మరీ మంచిది. ఇరవయ్యేళ్ళ వయసులో మనకు ఇరవైకి ఇరవై రావాలి గదా!