దోషం ఏ దిక్కున?

మొన్నొక సాయంత్రం అమీర్‌పేటలో, మైత్రీవనం ముందు, ఒక నడివయస్కుడు "మాస్టారూ!" అంటూ నా పాదాలు తాకబోయాడు. ముప్పయ్యైదేళ్ళ కిందటి శిష్యుడు. సబ్‌స్టేషన్లలో రిలేలు పరీక్షించే ఇంజనీరట. సాఫ్ట్‌వేరు కోర్సుల బోర్డుల అరణ్యంలో విద్యుత్తు చదివినవాడు తారసపడడమే ఒక వింత. మాట్లాడుకుంటూ పంజగుట్ట వైపు నడిచాము.

"ఏమిటయ్యా నీవు పరీక్షించేది?"

"ఫాల్టు ఏ వైపున ఉందో రిలే సరిగా గుర్తిస్తోందో లేదో, మాస్టారూ. ఫాల్టంటే మీ భాషలో దోషమే."

గణదోషం, యతిదోషం ఎరుగుదును గాని తీగెకు దోషమేమిటి? తీగె తెగి నేలను తాకితే నలువైపుల నుంచీ కరెంటు అక్కడికే పరుగెడుతుందట. పరిమాణం మాత్రమే చూసే రిలే, తన వెనుక జరిగిన దోషానికి ముందున్న మంచి లైనును ట్రిప్ చేసే ప్రమాదముంది. అందుకని దిక్కు తెలియాలి. సెకనుకు 50 మార్లు అటూ ఇటూ ఊగే కరెంటుకు దిక్కెక్కడిదని అడిగాను. వోల్టేజిని ఆధారం చేసుకొని, కరెంటు దానికి ఏ కోణంలో ఉందో చూస్తారట. దోషం వెనుకనుంటే ఆ కోణం దాదాపు 180 డిగ్రీలు తిరగబడుతుంది. కర్త ఎవరో, కర్మ ఎవరో విభక్తి పట్టిచ్చినట్లన్నమాట!

"దోషం మరీ దగ్గరలోనే జరిగి, ఆ వోల్టేజే పడిపోతే?"

"అంతకు ముందున్న వోల్టేజిని రిలే కాసేపు జ్ఞాపకం పెట్టుకుంటుంది మాస్టారూ. తీర్పు దానితోనే."

అయినా పొరబడుతుంది. 2012 జూలై 30న ఉత్తరాది చీకటైనప్పుడు బీనా–గ్వాలియర్ 400 కిలోవోల్టుల లైనులో అసలు దోషమే లేదు. మితిమీరిన భారాన్ని దోషమనుకొని రిలే ట్రిప్ చేసింది. దక్షిణాది గ్రిడ్డు ఉత్తరాదితో పూర్తిగా జతపడింది 2013 డిసెంబరు 31న గనుక ఆ పతనం మనదాకా రాలేదు.

పంజగుట్ట కూడలి దగ్గర పడుతుండగా నాకొకటి గుర్తొచ్చింది. ఏడవ తరగతి. నేను బోర్డు వైపు తిరిగి సంధులు రాస్తున్నాను. ఈల వినిపించింది. ముందు బెంచీలో నవ్వుతూ కనబడ్డవాడిని బెత్తంతో కొట్టాను. వీడినే.

"ఆనాడు ఈల వేసింది నీవేనా?" అన్నాను.

"కాదు మాస్టారూ. నా వెనుకవాడు." వెంటనే సౌరవిద్యుత్తు మాటెత్తాడు. ఆ ఇన్వర్టర్లు పాత జనరేటర్లలా ప్రవర్తించవట. దోషమొచ్చినప్పుడు అవి పంపే కరెంటు కోణాలే వేరు, పాత లెక్కల రిలేలు దిక్కు తెలియక తికమకపడుతున్నాయట. నేను సగమే విన్నాను.

మెట్రో మెట్లెక్కుతూ వెనుదిరిగి చేయి ఊపాడు. ఆ వెనుక బెంచీవాడి పేరు మాత్రం నాకెంతకీ గుర్తు రాలేదు.