దళారి ఎవరి మనిషి?

మాది వ్యవసాయ కుటుంబం. మా ఇంట్లో దళారి అన్నమాట తిట్టుతో సమానం. అందుకే జపాన్ బేస్‌బాల్ ఆటగాళ్ళు తమకు ఏజెంట్లు కావాలని పట్టుబట్టారని చదివితే విడ్డూరంగా తోచింది.

అక్కడ జట్లు చాలావరకు పెద్ద కంపెనీలవి. జీతం తేల్చుకునే వేళ బల్లకు అటు యాజమాన్యం, ఇటు ఆటగాడు ఒక్కడే. 1995లో హిడియో నోమో, ఏజెంటు డాన్ నోమురా సాయంతో, రిటైరైనవాడు విదేశంలో ఆడవచ్చన్న నిబంధనలోని సందు పట్టుకుని అమెరికాలోని డాడ్జర్స్ జట్టులో చేరాడు. 2000లో యాజమాన్యాలు ఏజెంట్లను ఒప్పుకున్నాయి గానీ రెండు మెలికలు పెట్టాయి: ఏజెంటు వకీలై ఉండాలి, ఒక వకీలు ఒక్క ఆటగాడికే పనిచేయాలి. ఒక్కడి బేరమే తెలిసినవాడు నలుగురి ధర ఎలా పోలుస్తాడు? ఒక్క కక్షిదారుతో ఎలా బతుకుతాడు? 2024లో అక్కడి ఫెయిర్ ట్రేడ్ కమిషన్ కల్పించుకోవడంతో ఆ రెండో మెలిక పోయింది.

మేం మిర్చి అమ్మే చోట కమీషన్ మా దగ్గర పుచ్చుకునే ఏజెంటు, ధర చెప్పేటప్పుడు కొనేవాడి ముఖం చూస్తాడు. ఆ ఆటగాళ్ళు కోరింది తమ పక్కన కూర్చుని మాట్లాడే మనిషిని. మా నాన్నకు కావలసిందీ వాడే.