నలుగురిలో నోరు విప్పాలంటే

మదనపల్లె టమాటా మార్కెట్ యార్డులో వేలంపాట మొదలైతే, కొత్తగా చూసేవాళ్ళకు అక్కడేదో తగాదా జరుగుతున్నట్టే ఉంటుంది. కాస్త చెవి అలవాటు పడ్డాక గానీ తెలియదు, ఆ కేకల్లో ఒక్క మాటా దుబారా లేదని. కాయ చూడాలి, రేటు పలకాలి, అంతే. ముందున్న సరుకు పాట తెగేదాకా ఇంకో ఊసు ఎవరికీ పట్టదు. 2023 జూలైలో కిలో ధర వంద దాటి, దేశమంతా ఈ ఊరి పేరు చెప్పుకున్నప్పుడూ పద్ధతి ఇదే. కొనే దిక్కులేక రైతు దిగాలుపడే రోజుల్లోనూ ఇదే. ఎండకు మెత్తబడే సరుకును ముందు పెట్టుకుని ఉపన్యాసం దంచేవాణ్ణి ఎవరు భరిస్తారు?

వాట్సాప్ గ్రూపులకు ఆ ఎండ తగలదు. వచ్చిన చిక్కల్లా అదే. పెళ్ళి పనుల కోసం పెట్టిన గ్రూపులోకి తెల్లారేసరికి శుభోదయం పూలు వస్తాయి, మధ్యాహ్నానికి కాకరకాయ వైద్యం వస్తుంది. ఒక్కరికి చెప్పాల్సిన ‘సరే’ వందమంది జేబుల్లో మోగుతుంది. విసిగిపోయిన అడ్మిన్ ఓ పది నియమాలు రాసి పైన అంటిస్తాడు. వాటిని శ్రద్ధగా చదివేది ఎవరంటే, వాటి అవసరం లేనివాళ్ళే.

పాత చిత్తూరు జిల్లాలో తిట్టడానికి కూడా కట్టుబాటు ఉంది. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర మే నెలలో వారం పాటు సాగుతుంది. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి అంటూ రోజుకో వేషం. ఆడపిల్లల్ని చెరుస్తున్న పాలెగాణ్ణి పట్టుకోవడానికి అమ్మవారు ఇన్ని వేషాలు కట్టిందని కథ. జాతర రోజుల్లో వేషగాడు ఎదురొచ్చినవాణ్ణి బూతులు తిట్టొచ్చు, తిట్టించుకున్నవాడు మొహం మాడ్చుకోకూడదు. ఎంత పెద్దమనిషైనా సరే. కానీ వేషం కడిగేసుకున్నాక అదే మాట అంటే చెంప పగులుతుంది. ఎవరు, ఎప్పుడు, ఎందాకా అన్న మూడూ ఇంత స్పష్టంగా తేల్చిన నియమావళి ఏ గ్రూపుకూ ఉన్నట్టు లేదు. ముందెవరు, తర్వాతెవరు అన్నదానికీ కట్టుబాటు ఉంది. పుంగనూరుకూ ఒక గంగమ్మ ఉంది, జమీందార్ల ఇలవేల్పు సుగుటూరు గంగమ్మ. అక్కడ తొలిపూజ జమీందారీ కుటుంబానిదే, ఊరి వంతు ఆ తర్వాత. జమీందారీలు పోయినా వరుస పోలేదు.

వచ్చిన అతిథి పాటించాల్సిన మర్యాదకు మదనపల్లెలోనే ఒక ఉదాహరణ దొరుకుతుంది. అనీబిసెంట్ 1915లో ఇక్కడ పెట్టిన దివ్యజ్ఞాన కళాశాలకు 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ వచ్చి కొన్నాళ్ళు ఉన్నాడు. అప్పటి ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్. ఒక సాయంత్రం అందరూ కూడిన చోట ఠాగూర్ ‘జనగణమన’ పాడాడు. పాట బెంగాలీ, విన్నవాళ్ళలో ఎక్కువమందికి ఆ భాష రాదు. విశ్వకవి కాబట్టి అర్థం కాకపోయినా చప్పట్లకు లోటుండేది కాదు. ఆయన అంతటితో ఊరుకోలేదు. పాటను ఇంగ్లీషులో రాసిచ్చాడు, దానికి ‘ద మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా’ అని పేరు పెట్టాడు. జేమ్స్ భార్య మార్గరెట్ కజిన్స్ స్వరాలు రాసి పెట్టింది. వినేవాళ్ళకు అందేలా చెప్పడం తన బాధ్యతే అనుకున్న మనిషి ఆయన. ‘అర్థం కాకపోతే మీ ఖర్మ’ అనే మేధావులు మనకు తక్కువేమీ కాదు.

కుప్పంలో ఎదుటివాళ్ళకు అందేలా చెప్పే పని కవులు చేయనక్కర్లేదు, అంగడివాళ్ళే రోజూ చేస్తారు. ఒక పక్క తమిళనాడు, ఒక పక్క కర్ణాటక. చెన్నై–బెంగళూరు రైలుమార్గం మీది ఊరు. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం ఇక్కడే వెలిసింది. దానికి ఎంతో ముందునుంచే ఇక్కడి అంగళ్ళలో మూడు భాషలూ కలిసి మెలిసి ఉన్నాయి. తెలుగులో బేరం నడుస్తుంటే తమిళమాయన వస్తాడు, అంగడాయన నోరు ఇట్టే అటు తిరుగుతుంది. కన్నడమామె అడిగితే ఇంకోసారి తిరుగుతుంది. ఇందులో త్యాగమేమీ లేదు. ఎవరి భాషలో వాళ్ళు గొంతు పెంచుకుంటూ కూర్చుంటే బేరం తెగదు, కొనేవాళ్ళ రైలు మాత్రం వెళ్ళిపోతుంది.