చుక్కల ఛాయాచిత్రములు

ఉద్యోగమునుండి విరమించిన పిదప నేనొక క్రొత్తవిద్య నేర్చితిని. అది రాత్రివేళ ఆకాశమునకు ఛాయాచిత్రములు తీయుట. తెలుగు పండితునకు ఈ వయస్సున కెమెరాతో పనియేమని మిత్రులు పరిహసించిరి. అశ్విని, భరణి, కృత్తిక యని యేండ్ల తరబడి పిల్లలచే వల్లె వేయించినవాడు ఆ చుక్కలను ఒకమారు చక్కగా చూడగోరుట వింత గాదని వారికి బదులు చెప్పితిని.

ఈ విద్యకు కావలసినవి నాలుగు: షట్టరును కోరినంతసేపు తెరచియుంచగల కెమెరా, దానిని కదలనీయక నిలుపు మూడుకాళ్ల స్టాండు, చీకటి, ఓర్పు. మొదటి రెండును అంగడిలో దొరకును. తక్కిన రెండును మనము సంపాదించుకొనవలెను.

కంటికిని కెమెరాకును ఒక భేదము కలదు. కన్ను తనపై బడిన వెలుగును క్షణములో గ్రహించి విడిచివేయును. కావున మసకచుక్కను ఎంతసేపు చూచినను అది మసకగానే యుండును. కెమెరా యట్లు గాక, చూరునీటి క్రింద నుంచిన కడవవలె, షట్టరు తెరచియున్నంతసేపు వెలుగును కూడబెట్టుకొనును. కృత్తికలను మన పల్లెలలో పిల్లలకోడి యందురు. నా కంటికి అందు ఆరు చుక్కలు మాత్రమే తోచును. పది సెకనులు షట్టరు తెరచి తీసిన చిత్రములో ముప్పదికి పైగా లెక్కించితిని.

షట్టరును అరగంట తెరచియుంచినచో మరియొక వింత కానవచ్చును. భూమి గంటకు 15 డిగ్రీల చొప్పున తిరుగుచుండుటచే చుక్కలన్నియు వంపుగీతలుగా పడును. కెమెరాను ఉత్తరమునకు త్రిప్పి తీసినచో ధ్రువనక్షత్రమును చుట్టుకొని ఆ గీతలు వరుసలు వరుసలుగా నుండును. భూభ్రమణమును పాఠములో చదివిన బాలుడు ఆ చిత్రమును చూచినప్పుడు తన కాలిక్రింది నేల తిరుగుచున్నదని నిజముగా నమ్మును.

1850లో అమెరికాలోని హార్వర్డు వేధశాలలో అభిజిత్ నక్షత్రమునకు ఛాయాచిత్రము తీసిరి. సూర్యుడు గాక వేరొక నక్షత్రము చిత్రమునకు చిక్కుట అదియే ప్రథమము. 1883లో ఆండ్రూ కామన్ అను ఇంగ్లండు దేశీయుడు మృగశిర ప్రాంతమందలి ఓరయన్ నీహారికకు చిత్రము తీయగా, కంటికి కానరాని నక్షత్రములు అందు కనబడినవి. ఆయన వృత్తిచే ఇంజనీరు. జ్యోతిశ్శాస్త్రము ఆయనకు వేడుక మాత్రమే. మన హైదరాబాదులోని నిజామియా వేధశాలవారును అనేక దేశములు కలిసి పూనుకొనిన నక్షత్రపట నిర్మాణములో పాల్గొని, గాజుపలకలపై చిత్రములు తీసి, 7 లక్షలకు మించిన నక్షత్రముల స్థానములను నిర్ణయించిరి.

మా యూరి సంగతి చెప్పెదను. 2014లో మా డాబాపైనుండి తీసిన వేసవి చిత్రములో వృశ్చికమునుండి పైకి పాలపుంత తెల్లని ధారవలె నున్నది. 2022లో అదే చోటినుండి అదే విధమున తీసిన చిత్రములో ఆ ధార లేదు. నడుమ మా వీధికి తెల్లని విద్యుద్దీపములు వచ్చినవి. ఈ రెండు చిత్రములను పంచాయతి పెద్దలకు చూపి, దీపముల వెలుగు తగ్గింపుడని కోరితిని.

అచ్చటనున్న యొక ముసలమ్మ, "పంతులుగారూ, మీ చుక్కల మాట యటుంచుడు. చీకటిలో నా కాలి ముందరి పామును చూచుట యెట్లు?" అని యడిగెను. ఆమె మాట న్యాయమైనది. దీపము కావలెను. అయిన నది వెలుగ వలసినది నేలమీద, ఆకాశమున గాదు. ఈ మాట విని పెద్దలు మా వీధిలోని నాలుగు దీపములకు రేకుగొడుగులు తొడిగించిరి. మునుపటికంటె ఇప్పుడు దారి స్పష్టముగా నున్నదని ఆ యమ్మయే చెప్పినది. దూరపు పట్టణపు వెలుగు తూర్పున నింకను మిగిలియున్నది. కావున పాలపుంత పూర్తిగా మరలి రాలేదు. అయినను మా డాబాపై నిలిచినపుడు నిరుటికంటె ఎక్కువ చుక్కలు కనబడుచున్నవి.

బాలబాలికలారా! కెమెరా లేదని చింతింపకుడు. రాబోవు అమావాస్యనాడు పెద్దలలో నొకరిని తోడు తీసికొని, దీపములు లేనిచోట ఇరువది నిమిషములు ఊరక కూర్చుండుడు. కన్ను చీకటికి అలవడుటకు అంత కాలము పట్టును. పిమ్మట తలయెత్తి మీకు కనబడిన చుక్కలను ఒక కాగితముపై గుర్తించి, తేదీ వేసి దాచుడు. మీరు పెద్దవారైన తరువాత అదే చోట నిలిచి, ఆకాశమును ఆ కాగితముతో సరిపోల్చి చూడుడు. అప్పటికి ఆ చుక్కలన్నియు కనబడవలెనన్నచో, మీ వీధిదీపముల సంగతి నేటినుండియే పట్టించుకొనుడు.