ఖాళీ అట్ట చెప్పని సంగతి

ఆ ఆదివారం తాండూరులోని పుట్టింట్లో అక్కచెల్లెళ్లిద్దరూ కలిశారు. అక్క వికారాబాద్ దగ్గర సబ్‌సెంటర్‌లో ఏఎన్ఎం. చెల్లెలు తాండూరు పక్క పల్లెలో ప్రాథమిక పాఠశాల టీచరు. రైలెక్కితే గంట ప్రయాణమే అయినా ఇద్దరూ తీరిగ్గా కూర్చునేది పండక్కో పబ్బానికో. ఈసారి పండగ కాదు. అక్క కూతురు ఇంటర్ పాసైంది. నర్సింగా, డీఎడ్డా తేల్చాలి.

"రెండూ వద్దంటున్నరు చిన్నమ్మా మా దోస్తులు. ఎట్లయినా రేపు అన్నీ ఏఐనే చేస్తదంట" అందా పిల్ల.

అక్క నవ్వింది. "నా పనిలకైతే ఎప్పుడో వచ్చింది" అంది.

వచ్చిన మాట నిజమే. ఛాతీ ఎక్స్‌రేలో క్షయ నీడను గుర్తించే సాఫ్ట్‌వేర్‌ను పదిహేనేళ్లు దాటినవారికి వాడొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లోనే చెప్పింది. 2024 డిసెంబరు 7న దేశంలో మొదలైన వంద రోజుల టీబీ కార్యక్రమంలో చేత పట్టుకెళ్లే ఎక్స్‌రే యంత్రాలు ఊళ్లకు కదిలాయి. ఫిల్మ్ పట్నం వెళ్లి రావాల్సిన పని లేదు. తెర మీద అనుమానపు మచ్చ అక్కడికక్కడే తేలుతుంది. ఆపైన తెమడ పరీక్షతో ఖాయం చేసుకుంటారు.

చెల్లెలి వైపూ అంతే. 2025లో తెలంగాణలోని కొన్ని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో ఏఐ సాయంతో చదువు, లెక్కలు నేర్పడం మొదలైంది. పిల్లాడు ఎక్కడ తడబడ్డాడో కంప్యూటరే పసిగట్టి అక్కడి నుంచి అభ్యాసం ఇస్తుంది. ఎన్నిసార్లు తప్పు చేసినా విసుక్కోదు.

"ఆ ఒక్క మాటల నాకన్నా అదే నయం" అని ఒప్పుకుంది చెల్లెలు.

అప్పటిదాకా నాపరాళ్ల అరుగు మీద కూర్చుని వింటున్న తాత గొంతు సవరించుకున్నాడు. వయసులో ఉండగా ఆయన తాండూరు నాపరాయి పాలిషింగ్ యూనిట్లో పనిచేశాడు. 2006లో టీబీ అన్నారు. అప్పటి పద్ధతిలో వారానికి మూడు రోజులు మందు. మొదటి రెండు నెలలు ప్రతి మోతాదూ ఆరోగ్య కార్యకర్త కళ్లెదుటే మింగాలి. తర్వాత వారంలో మొదటిది ఆమె ఎదుట, మిగతా రెండూ ఇంట్లో. ఖాళీ అట్ట తిరిగి ఇచ్చేయాలి.

"దగ్గు తగ్గింది. గోలీలేసుకుంటే కడుపుల తిప్పుడు. తీసి రాళ్ల కింద పడేసేటోన్ని. అట్ట మాత్రం పక్కాగ ఇచ్చేటోన్ని."

కార్డు మీద అన్నీ టిక్కులే. ఓ రోజు ఆ కార్యకర్త ఆయన ముఖంలోకి చూసి, "అన్నా, గోలీ వేసుకున్న రోజు మూత్రం ఎర్రగ వస్తున్నదా?" అంది. మందులోని రిఫాంపిసిన్ వల్ల అలా రావాలని ఆయనకు తెలియదు. ఆమె ఎదుట మింగిన రోజు తప్ప రావట్లేదన్నాడు. దొరికిపోయాడు! ఆమె తిట్టలేదు. మధ్యలో మానేస్తే మందుకు లొంగని టీబీ వస్తుందని అవ్వను కూడా కూర్చోబెట్టి చెప్పింది. ఆ తర్వాత వారానికి మూడుసార్లూ తానే వచ్చింది.

ఇంట్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

"మా బడిల గూడ ఖాళీ అట్టలున్నయి నాయినా" అంది చెల్లెలు మెల్లగా. తండా నుంచి వచ్చే ఒక పిల్ల కంప్యూటర్ ముందు చురుగ్గా అన్నీ పూర్తిచేసేది. చూస్తే పక్క పిల్లాడు చెబుతుంటే నొక్కుతోంది! ఇంట్లో మాట్లాడేది లంబాడీ. ప్రశ్నలోని తెలుగే ఆమెకు అందడం లేదు. కంది కోతల్లో ఆ పిల్ల వారం రోజులు రాకపోతే తండాకు వెళ్లి తీసుకొచ్చిందీ టీచరే.

"అయితే అక్కా, నీకున్న ధైర్యం నాకు లేదు. నీ పనికి కాళ్లు కావాలె, చేతులు కావాలె. సూదెయ్యాలన్నా, కాన్పు కేసును దవాఖానకు తోల్కపోవాలన్నా మనిషి ఉండాల్సిందే. నాది అట్ల గాదు. కంప్యూటర్ పాఠం చెప్తుంటే బడి నడుస్తున్నట్టే కనబడ్తది. ఇద్దరు టీచర్లు కావాల్సిన బడికి ఒక్కరు చాలంటే? రికార్డుల ఏ లోటూ కనబడది."

"నాకు మాత్రం ఏం సుఖం?" అంది అక్క. "మిషిన్ చెప్పంగనే పది పేర్లొస్తయి. పది ఇండ్లు తిరగాల్సింది నేను. తిరిగొచ్చి ఫోన్ల ఎక్కియ్యాల్సింది గూడ నేనే. రాసే పని అది చేస్తే, ఇంకో రెండు ఇండ్లల్ల కాసేపు కూసుందును."

ఇద్దరి లెక్కా అక్కడ కలిసింది. యంత్రం ఆదా చేసిన సమయం రోగి దగ్గరికీ, పిల్లాడి దగ్గరికీ చేరితే అది వరం. ఉద్యోగాల కోతకో, మరో రిజిస్టరుకో పోతే ఎవరికి లాభం?

సాయంత్రం రైల్లో అనంతగిరి కొండలు కనిపిస్తుండగా కూతురు నర్సింగ్‌కే దరఖాస్తు పెడతానంది.

"ఏఐకి భయపడా?" అంది తల్లి.

"కాదమ్మా. తాతను పట్టుకున్నది చూడు... ఆమె లెక్క కావాలె."