ఆ దారిలో... బ్రేకే ప్రాణం!

ఓ పక్క నిట్టనిలువు కొండ. మరోపక్క వందల మీటర్ల లోతు లోయ. మధ్యలో, చాలాచోట్ల మూడు మీటర్లకు మించని మట్టిరోడ్డు. కొన్ని మలుపుల్లో జలపాతాలు నేరుగా నెత్తిమీదే పడుతుంటాయి. అలాంటి దారిలో సైకిలు మీద దిగాలని ప్రపంచం నలుమూలల నుంచీ వస్తుంటారు సాహసికులు. దక్షిణ అమెరికా దేశమైన బొలీవియాలోని యుంగాస్ రోడ్డు అది. దాని మరోపేరు 'మృత్యుమార్గం'!

1930ల్లో పరాగ్వేతో జరిగిన చాకో యుద్ధంలో చిక్కిన ఖైదీలతో ఈ దారి వేయించారు. 1983లో ఓ బస్సు లోయలో పడి వందమందికి పైగా చనిపోయారు. 2006లో కొత్త రహదారి సిద్ధమయ్యాక బస్సులూ లారీలూ చాలావరకూ అటు మళ్లాయి. పాతదారి సైకిళ్లకు దక్కింది. అలాగని ప్రమాదం పోలేదు... సైకిలిస్టులూ ఇక్కడ ప్రాణాలు పోగొట్టుకున్నారు.

పాలనా రాజధాని లా పాజ్ దగ్గర్లోని లా కుంబ్రే కనుమలో ప్రయాణం మొదలవుతుంది. ఎత్తు సుమారు 4,650 మీటర్లు. చలికి వేళ్లు కొంకర్లు పోతాయి. బ్రేకు నొక్కాల్సింది ఆ వేళ్లే! అరవై కిలోమీటర్లకు పైగా దిగి యోలోసా చేరేసరికి ఎత్తు 1,200 మీటర్లే. చలి పోయి ఉక్కపోత మొదలవుతుంది. దారి దాదాపు అంతా దిగుడే కాబట్టి కాళ్లకు పని తక్కువ, చేతులకు ఎక్కువ.

బ్రేకు వేయగానే బరువంతా ముందుచక్రం మీదికి వస్తుంది. కాబట్టి సైకిలును ఎక్కువగా ఆపేది ముందు బ్రేకే. కానీ దాన్ని ఒక్కసారిగా బిగిస్తే మనిషి హ్యాండిల్ మీదుగా ఎగిరి పడతాడు. భయపడి వెనక బ్రేకునే నమ్ముకుంటే చక్రం బిగుసుకుని జారిపోతుంది. అందుకే ఒంటిని కాస్త వెనక్కి జరిపి, రెండు బ్రేకులూ కలిపి మెల్లగా నొక్కాలి. కంకర మీద ముందు బ్రేకును మరీ సుతారంగా వాడాలి. వేగం తగ్గించాల్సింది మలుపులో కాదు, మలుపు రాకముందు... సైకిలు నిటారుగా ఉన్నప్పుడే. బ్రేకు అదేపనిగా పట్టుకుంటే వేడెక్కి పట్టు తగ్గుతుంది, చేతులూ అలసిపోతాయి. నొక్కుతూ, వదులుతూ దిగాలి. తడిచోట ఇంకాస్త ముందే మొదలుపెట్టాలి.

ముందు బ్రేకు మనదగ్గర సాధారణంగా కుడిచేతికి ఉంటుంది, చాలా దేశాల్లో ఎడమచేతికి. కొత్త సైకిలు ఎక్కేముందు ఏ మీట ఏ చక్రానిదో చూసుకోవాల్సిందే. ఈ సూత్రాలు తెలియడానికి బొలీవియాదాకా వెళ్లనక్కర్లేదు. వీధి చివర ఫ్లైఓవర్ దిగే పిల్లలకూ ఇవే వర్తిస్తాయి. ఖాళీ మైదానంలో ఓ ఆదివారం సాధన చేయిస్తే సరి!